పార్క్‌లో బిగుసుకున్న ఆటోమేటిక్ కారు: సందులో తాళంచెవి గుచ్చడం మేలా, బ్యాటరీకి కరెంట్ ఇవ్వడం మేలా?

బేస్‌మెంట్ పార్కింగ్‌లో నా కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద ఒక్క దీపం కూడా వెలగలేదు. అదొక్కటే అయితే తీరిగ్గా చూసుకునేవాణ్ణి. నా కారు వెనక ఇంకో కారు ఇరుక్కుపోయింది, ఆయనేమో ఆస్పత్రికి వెళ్లాలి. "ఏవండీ, ఒక్క పదడుగులు ముందుకు జరిపితే చాలు, నేను తిప్పుకుని వెళ్లిపోతాను" అన్నారు.

పదడుగులే. మాన్యువల్ కారైతే గేరు తీసేసి నలుగురం భుజం పెడితే అయిపోయేది. నాది ఆటోమేటిక్. గేర్ లివర్ పార్క్‌లో ఉంది. బ్రేక్ తొక్కి, నాబ్ మీద బటన్ నొక్కి ఎంత లాగినా కదల్లేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన "గట్టిగా లాగండి సార్, అదే వస్తుంది" అన్నారు. ఇంకొకాయన "తోద్దాం, అదే స్టార్ట్ అవుతుంది" అన్నారు. రెండూ తప్పు సలహాలే. గట్టిగా లాగితే నాబ్ బటనో లోపలి ప్లాస్టిక్ ముక్కో విరుగుతుంది. ఇక తోసి స్టార్ట్ చేయడం మామూలు ఆటోమేటిక్‌లో కుదరదు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఆయిల్ ప్రెషర్ లేకుండా చక్రాలు తిరిగినా ఆ తిప్పుడు ఇంజిన్ దాకా చేరదు.

అప్పుడు లివర్ పక్కన గోరంత ప్లాస్టిక్ మూత ఉండే సంగతి గుర్తొచ్చింది. దాన్ని తీసి సందులో స్క్రూడ్రైవర్ గుచ్చితే లివర్ న్యూట్రల్‌లోకి వచ్చేసింది. అందరూ ఒక్కసారిగా తోశారు. కారు కదిలింది. కానీ స్టీరింగ్ తిరగలేదు! నేను చక్రాలు ఎడమకి తిప్పి పార్క్ చేశాను, స్టీరింగ్ అలాగే లాక్ అయిపోయింది. కారు నేరుగా పిల్లర్ వైపు బయల్దేరింది. బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగితే పిల్లర్‌కి జానెడు ఇవతల ఆగింది. ఈలోగా ఎవరో జంప్ స్టార్టర్ (దిగిపోయిన బ్యాటరీకి బయటి నుంచి కరెంట్ ఇచ్చే చిన్న ప్యాక్) తెచ్చారు. క్లిప్పులు పెట్టిన ఐదు నిమిషాల్లో ఇంజిన్ స్టార్ట్ అయింది, వెనక్కి తీసి, తిప్పి, పక్కన పెట్టాను.

ఆ మూత కింద ఉండే షిఫ్ట్ లాక్ సందు గురించి చెప్పేవాళ్లు అదేదో మంత్రంలా చెబుతారు. అది మంచి ఉపాయమే. కానీ చాలా సందర్భాల్లో మొదట చేయాల్సింది అది కాదని ఆ రోజు నాకు అర్థమైంది. న్యూట్రల్ దొరికినంత మాత్రాన కారు చేతికి వచ్చినట్టు కాదు. స్టీరింగ్, బ్రేక్ కూడా రావాలి.

లోపల బిగిసింది ఏది?

పార్క్‌లో ఉన్న కారుకి రెండు తాళాలు ఉంటాయి, జనం ఈ రెండిటినీ కలిపేస్తారు. ఒకటి లివర్ దగ్గర ఉంటుంది. దాన్నే షిఫ్ట్ లాక్ అంటారు. చిన్న సోలినాయిడ్ అది, అంటే కరెంటుతో కదిలే గొళ్లెం లాంటిది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, బ్రేక్ తొక్కినట్టు సిగ్నల్ వస్తేనే లివర్‌ని వదులుతుంది. ప్రశాంతంగా ఉన్న చోట బ్రేక్ తొక్కితే లివర్ కింద "టక్" మని చిన్న చప్పుడు వినిపిస్తుంది చూడండి, అదే. రెండోది గేర్‌బాక్స్ లోపల ఉంటుంది. బయటికి వచ్చే షాఫ్ట్ మీద పళ్ల చక్రం, ఆ పళ్ల మధ్యలో పడే ఒక ఇనుప కొక్కెం. దాన్ని పార్కింగ్ పాల్ అంటారు. కారుని నిజంగా కదలకుండా పట్టుకునేది ఇదే.

మొదటి తాళం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే అది మనల్ని ఏడిపించడానికే పెట్టారనిపిస్తుంది. 1980ల్లో అమెరికాలో ఆడి 5000 కార్లు పార్క్ నుంచి తీయగానే వాటంతట అవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ నడిచింది. 1989లో అక్కడి రహదారి భద్రతా సంస్థ చివరికి తేల్చిందేమంటే, చాలామంది బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని. ఆ గొడవ మధ్యలోనే బ్రేక్ తొక్కితే తప్ప లివర్ కదలని ఏర్పాటు కార్లలోకి వచ్చింది. పిల్లలు లివర్ లాగి కారు దొర్లిపోయిన ప్రమాదాలు దీనికి తోడయ్యాయి. అమెరికాలో 2010 సెప్టెంబరు నుంచి తయారైన ఆటోమేటిక్ కార్లన్నిటికీ అది చట్టప్రకారం తప్పనిసరైంది. ఆ లివర్ మొండిగా నిలబడటం వెనక ఉన్న కథ ఇది.

సరే, మన సమస్యకి వద్దాం. లివర్ రాకపోవడానికి మామూలుగా మూడు కారణాలు ఉంటాయి: బ్యాటరీ దిగిపోవడం, బ్రేక్ సిగ్నల్ రాకపోవడం, వాలు మీద కారు బరువంతా ఆ కొక్కెం మీద పడటం. ఒక్కోదానికి ఒక్కో దారి మేలు.

బ్యాటరీ చచ్చిపోతే

ఇక్కడే అసలు పోటీ. సందులో గుచ్చడం ఒకవైపు, జంప్ స్టార్ట్ ఒకవైపు.

సందుకున్న గొప్ప సుగుణం వేగం. ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లకి అర నిమిషం పని. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచాలి. స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, గీతలు పడకుండా మూత లేపాలి. లోపల సందో చిన్న బటనో కనిపిస్తుంది. అందులో తాళంచెవో స్క్రూడ్రైవరో నిలువుగా దించి నొక్కి పట్టుకోవాలి, నొక్కి వదిలేస్తే కుదరదు. అదే సమయంలో రెండో చేత్తో నాబ్ బటన్ నొక్కి లివర్‌ని న్యూట్రల్‌కి లాగాలి. కుడికాలు బ్రేక్ మీద. మొదటిసారి చేసేవాళ్లకి మూడో చెయ్యి ఉంటే బాగుండనిపిస్తుంది. కరెంటుతో పనే లేదు, సోలినాయిడ్ చేయాల్సిన పనిని మన చెయ్యి చేస్తుంది. కొన్ని కార్లలో మూత లివర్ పక్కనే ఉంటుంది, కొన్నింటిలో లివర్ చుట్టూ ఉండే తోలు తొడుగు కింద దాక్కుంటుంది, కొన్నింటిలో కన్సోల్ ముక్క ఊడదీయాలి. చీకట్లో, టెన్షన్‌లో వెతుక్కునే సంగతి కాదిది.

లోపాలు నేను పిల్లర్ దగ్గర చూసినవే. తాళంచెవి తిప్పే కార్లలో స్టీరింగ్ లాక్ మెకానికల్, చెవి పెట్టి ఒక మెట్టు తిప్పితే బ్యాటరీ లేకపోయినా వదులుతుంది. ఆ చెవిని మళ్లీ వెనక్కి తిప్పకుండా ఉంచితే చాలు. బటన్ స్టార్ట్ కార్లలో చాలావాటికి స్టీరింగ్ లాక్ కూడా కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు లేకపోతే చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో అటే పోతాయి. బ్రేక్ సంగతి ఇంకా ముఖ్యం. ఇంజిన్ ఆగాక బ్రేక్ బూస్టర్‌లో (మన కాలి బలాన్ని పెంచే భాగంలో) రెండు మూడు తొక్కులకి సరిపడా వ్యాక్యూమ్ మాత్రమే మిగిలి ఉంటుంది. లివర్ రాదేమోనని నేను అప్పటికే పదిసార్లు తొక్కి దాన్ని ఖాళీ చేసేశాను. ఆ తర్వాత బ్రేకు పనిచేయక కాదు, రెండు కాళ్లతో నిలబడి తొక్కినంత బలం కావాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కారైతే సందులో ఎంత గుచ్చినా ప్రయోజనం లేదు. లివర్ న్యూట్రల్‌కి వస్తుంది, వెనక చక్రాలు మాత్రం పట్టేసే ఉంటాయి, ఆ బ్రేక్ విడవాలన్నా కరెంటే కావాలి.

జంప్ స్టార్ట్‌కి సమయం పడుతుంది, అదే దాని లోపం. కేబుల్సో చిన్న జంప్ ప్యాకో ఉండాలి. కానీ అది పనిచేస్తే లివర్, స్టీరింగ్, హ్యాండ్ బ్రేక్, ఇంజిన్ స్టార్టయితే బ్రేక్ బూస్టర్, అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. అసలు తోయాల్సిన పనే ఉండదు. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది: ఇంజిన్ స్టార్ట్ కాకపోయినా ఫర్వాలేదు. సెల్ఫ్ తిప్పడానికి బోలెడు కరెంటు కావాలి, సోలినాయిడ్‌కీ స్టీరింగ్ లాక్‌కీ కొంచెం చాలు. జంప్ ప్యాక్ బలం సరిపోక సెల్ఫ్ "టిక్ టిక్" మని ఆగిపోయినా, డాష్‌బోర్డు వెలిగితే బ్రేక్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చుకోవచ్చు.

కేబుల్స్ అయితే వరస మారకూడదు. ఎర్ర క్లిప్పు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి నల్లది మాత్రం దిగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీకి దూరంగా ఉండాలనే ఈ జాగ్రత్త. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లలో చాలావాటికి బోనెట్ కింద విడిగా ప్లస్ టెర్మినల్ ఉంటుంది. రిమోట్ పనిచేయక తలుపే తెరుచుకోకపోతే, రిమోట్ లోపల దాచిన చిన్న ఇనుప తాళంచెవి బయటికి లాగండి.

కాబట్టి బ్యాటరీ సమస్య అయితే నా ఓటు జంప్‌కే. పది నిమిషాలు ఆగగలిగితే సందు జోలికి పోవద్దు. చదునైన నేల, తిన్నగా ఉన్న చక్రాలు, మామూలు హ్యాండ్ బ్రేక్ ఉండి, కేబుల్స్ దొరక్కపోతేనే సందు. తోసేటప్పుడు డ్రైవింగ్ సీట్లో ఒకరు కూర్చుని, చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదే ఉంచాలి. కారుకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

ఇక లివర్ బదులు గుండ్రటి డయలో, బటన్లో, ప్రతిసారీ మధ్యలోకి తిరిగొచ్చేసే చిన్న మీటో ఉన్న కార్లు. వీటిలో గేరు మారేది వైర్ల ద్వారానే. సందు ఉండదు, ఉన్నా మీ చేతికి అందదు. జంప్ ఒక్కటే దారి. అదీ అయ్యాక న్యూట్రల్‌లో పెట్టి దిగిపోతే సరిపోదు. వీటిలో చాలా కార్లు ఇంజిన్ ఆపగానే, కొన్ని తలుపు తీయగానే తిరిగి పార్క్‌లోకి వెళ్లిపోతాయి. న్యూట్రల్‌లోనే నిలబెట్టే పద్ధతి కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఎలక్ట్రిక్ కార్లకీ ఇంతే. కింద అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే కారు మేల్కోదు.

ఏఎంటీ కార్ల (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు యంత్రం మార్చే కార్ల) వాళ్లకి ఒక మాట. వీటిలో పార్క్ అనేదే ఉండదు, గేరులో పెట్టి ఇంజిన్ ఆపేస్తారు. బ్యాటరీ దిగిపోయాక లివర్ హాయిగా న్యూట్రల్‌కి జరుగుతుంది, కానీ అది ఉత్త స్విచ్చే. లోపల గేరు ఉన్నచోటే ఉంటుంది. లివర్ కదిలింది కదా అని తోయడం మొదలుపెట్టి, ఇంజిన్‌ని కూడా కలిపి తోస్తుంటారు పాపం. వీటికీ జంపే.

బ్రేక్ లైటు వెలగకపోతే

బ్యాటరీ బాగానే ఉంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి, లివర్ మాత్రం రావడం లేదు. అప్పుడు బ్రేక్ తొక్కి వెనక గోడ మీద చూడండి. ఎర్ర వెలుగు పడుతోందా? పడకపోతే దొంగ దొరికినట్టే. పెడల్ దగ్గరుండే బ్రేక్ లైట్ స్విచ్ పోయి ఉండాలి, లేదా దాని ఫ్యూజు పోయి ఉండాలి. షిఫ్ట్ లాక్‌కి బ్రేక్ సంగతి తెలిసేది ఆ స్విచ్ ద్వారానే కాబట్టి, మీరెంత తొక్కినా అది నమ్మదు.

ఈ ఒక్కచోట సందుదే గెలుపు. జంప్ చేసి లాభం లేదు, బ్యాటరీ బాగానే ఉంది కదా. చెవి తిప్పే కారైతే స్టార్ట్ కూడా అవుతుంది, సందు నొక్కి లివర్ తీసుకుంటే మిగతావన్నీ పనిచేస్తాయి. బటన్ స్టార్ట్ కార్లకి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కూడా ఆ స్విచ్చే కావాలి. కొన్నింటిలో బటన్‌ని 15 సెకన్ల దాకా నొక్కి పట్టుకుంటే స్టార్టయ్యే అత్యవసర ఏర్పాటు ఉంది, మీ కారులో ఉందేమో ముందే చూసి పెట్టుకోండి. అయితే గుర్తుంచుకోండి, బ్రేక్ లైట్లు వెలగని కారు అది. వెనకవాడికి మీరు ఆగుతున్నట్టు తెలియదు. పక్కకి తీసి పెట్టడానికే ఈ ఉపాయం, ఇంటిదాకా నడపడానికి కాదు. ఫ్యూజుల పెట్టె దగ్గరలో ఉండి, అదే కొలత ఫ్యూజు చేతిలో ఉంటే ముందు అది మార్చి చూడటం ఇంకా తేలిక.

బ్రేక్ లైట్లు వెలుగుతున్నా లివర్ రాకపోతే సోలినాయిడే పోయి ఉండొచ్చు, లేదా కూల్‌డ్రింకు ఒలికి లోపల జిగటగా అయి ఉండొచ్చు. దీనికీ సందే దారి. లివర్ వెన్నలా అటూ ఇటూ తిరుగుతూ కారు మాత్రం పార్క్‌లోనే ఉంటే అది వేరే కథ, కేబుల్ చివర ఊడిపోయింది. దానికి మెకానిక్ రావాల్సిందే.

వాలు మీద

ర్యాంపు మీద హ్యాండ్ బ్రేక్ లాగకుండా పార్క్‌లో వదిలేస్తే కారు బరువంతా ఆ చిన్న కొక్కెం మీద వేలాడుతుంది. అప్పుడు బ్యాటరీ బాగున్నా, సోలినాయిడ్ వదిలినా, సందు నొక్కినా లివర్ రాదు, వస్తే పెద్ద "ఠక్" మని వస్తుంది. ఇక్కడ కరెంటుకీ స్క్రూడ్రైవర్‌కీ పని లేదు. కారుని ఒక అంగుళం ఎగువకి నెట్టాలి. కింది వైపు చక్రాలకి అడ్డు రాళ్లు పెట్టి, లోపల ఒకరు బ్రేక్ తొక్కడానికి సిద్ధంగా ఉండి, ఇద్దరు ముగ్గురు పక్క నుంచి, తలుపు స్తంభాల దగ్గర పట్టుకుని ఎగువకి ఊపాలి. కింది వైపు నిలబడి తోయకూడదు. కొక్కెం మీద భారం తగ్గిన క్షణంలో లివర్ ఇట్టే వచ్చేస్తుంది.

కానీ ఇంజిన్ నడవని కారుని వాలు మీద న్యూట్రల్ చేయడం అవసరమా అని ముందు ఆలోచించండి. నన్నడిగితే వద్దంటాను. ఆ కొక్కెం ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది. టోయింగ్ వాళ్లు వచ్చి వించి (కారుని పట్టి లాగే తాడు యంత్రం) కట్టాక న్యూట్రల్ చేయండి, అప్పటిదాకా ఉండనివ్వండి. ఇక ముందు వాలు మీద పార్క్ చేసేటప్పుడు వరస మార్చుకోండి: బ్రేక్ తొక్కి ఉంచి న్యూట్రల్, తర్వాత హ్యాండ్ బ్రేక్, బ్రేక్ వదిలి బరువు హ్యాండ్ బ్రేక్ మీద పడనిచ్చి, ఆఖరున పార్క్.

పట్టాల మీద ఆగిపోయినప్పుడు

రైలు పట్టాల మీద, నీళ్లు ఎక్కుతున్న చోట, పొగ వస్తున్న కారులో ఈ పోలికలేవీ వద్దు. ముందు మనుషులు దిగాలి. రైలు వస్తుంటే పట్టాలకి దూరంగా, రైలు వచ్చే వైపే ఏటవాలుగా పరుగెత్తాలి, కారు ముక్కలు ఎగిరేది రైలు పోయే వైపు కాబట్టి.

నడుస్తున్న కారులో గేరు సంగతి దీనికి పూర్తిగా భిన్నం. యాక్సిలరేటర్ కింద మ్యాట్ ఇరుక్కుని కారు దూసుకుపోతుంటే, బ్రేకూ న్యూట్రలూ కలిపి వాడటమే మేలు. డ్రైవ్ నుంచి న్యూట్రల్‌కి నెట్టడానికి సాధారణంగా ఏ తాళమూ అడ్డురాదు. ఇంజిన్ భయంకరంగా అరుస్తుంది, అరవనివ్వండి. దాని హద్దు దాటకుండా కంప్యూటర్ చూసుకుంటుంది. బ్రేక్‌ని మాత్రం ఒకే తొక్కుగా, వదలకుండా తొక్కాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందదు, వదిలి వదిలి తొక్కితే ఉన్నదీ అయిపోతుంది. ఇంజిన్ ఆపేయడం దీని తర్వాతి దారి, అప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది. పైగా బటన్ కార్లలో ఒక్క నొక్కుకి ఇంజిన్ ఆగదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర లెక్సస్ ఈఎస్ 350లో జరిగింది ఇలాంటిదే. కొలతకి సరిపోని మ్యాట్ యాక్సిలరేటర్‌ని పట్టేసింది, ఆ మోడల్‌లో బటన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తప్ప ఇంజిన్ ఆగదు. నడుపుతున్నది అనుభవమున్న హైవే పోలీసు అధికారి. కారులో ఉన్న నలుగురూ చనిపోయారు.

ఏదీ కుదరకపోతే

టోయింగ్ వాళ్లకి ఫోన్ చేసేటప్పుడు "కారు ఆగిపోయింది" అని ఊరుకోకండి. "ఆటోమేటిక్, పార్క్‌లో ఇరుక్కుంది, న్యూట్రల్ కావడం లేదు, హ్యాండ్ బ్రేక్ ఎలక్ట్రానిక్" అని చెప్పండి. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనా, వెనకవాటినా, నాలుగింటినీనా అన్నదీ చెప్పండి. అది వింటే వాళ్లు చక్రాల కింద పెట్టే చిన్న డాలీలు తెస్తారు. వాటి పెడల్ తొక్కుతుంటే రెండు రోలర్లు టైరుని అటూ ఇటూ నొక్కి నేల మీంచి లేపేస్తాయి, కారు పార్క్‌లో ఉండగానే పక్కకి కూడా జరిగిపోతుంది. ఇరుకు బేస్‌మెంట్‌కి ఇంతకంటే మంచి సాధనం లేదు. డాలీలు లేకపోతే కొందరు టైర్ల కింద ప్లాస్టిక్ పలకలు పెట్టి, సబ్బు నీళ్లు చల్లి, ఫ్లాట్‌బెడ్ లారీ మీదకి జారుస్తారు. అది చూసి కంగారు పడక్కర్లేదు, పద్ధతే. గరుకు నేల మీద చక్రాలు తిరగకుండా ఈడ్చడం మొదలుపెడితే మాత్రం ఆపించండి. న్యూట్రల్ అయినా సరే, గేరుతో తిరిగే చక్రాలు నేల మీద ఉండగా దూరం లాగనివ్వకండి. ఆయిల్ పంపు ఆగి ఉన్న గేర్‌బాక్స్ ఎండిపోయి అరుగుతుంది. పదడుగులు తోయడం వేరు, ఊరవతల వర్క్‌షాప్ దాకా లాక్కెళ్లడం వేరు.